కళ తప్పే పోటీలు: దీర్ఘకాల రియాలిటీ షోల ఎదుగుదల, క్షీణత

ఏళ్ల తరబడి సీజన్ వెంట సీజన్‌గా నడిచే టెలివిజన్ పోటీలు ఒక దశ దాటాక ఆకర్షణ కోల్పోవడం దాదాపు అన్ని దేశాల్లోనూ కనిపించే పరిణామం. పాటల పోటీ కానివ్వండి, వంటల పోటీ కానివ్వండి, ఒకే ఇంట్లోనో దీవిలోనో కలిసి బతికే పోటీ కానివ్వండి, మొదటి రెండు మూడు సీజన్లలో ఉన్న ఉత్కంఠ పదో సీజన్ నాటికి మిగలడం అరుదు. ప్రేక్షకుల సంఖ్య పడిపోవడం పైకి కనిపించే గుర్తు మాత్రమే. అసలు మార్పు అంతకు చాలా ముందే లోపల మొదలవుతుంది.

ఈ పోటీలన్నిటికీ ప్రాణం ఒక్కటే. నిన్నటిదాకా ఎవరికీ తెలియని మనిషి అందరి కళ్లముందు పైకి రావడం. ఆ మనిషిని తామే కనిపెట్టామని, తామే గెలిపించామని చూసేవాళ్లు నమ్మినంతకాలం షో నిలుస్తుంది. ఆ నమ్మకాన్ని దెబ్బతీసే నిర్ణయాలు చాలావరకు షోను కాపాడుకోవాలన్న తాపత్రయంతో తీసుకున్నవే.

పుట్టుక

ఇప్పుడు చూస్తున్న ఫార్మాట్లలో ముఖ్యమైనవి ఐదారేళ్ల వ్యవధిలో యూరప్‌లో పుట్టాయి. బ్రిటిష్ నిర్మాత చార్లీ పార్సన్స్ ఆలోచనకు రూపమైన 'ఎక్స్‌పెడిషన్ రాబిన్సన్' 1997లో స్వీడన్‌లో ప్రసారమైంది. అదే 2000లో అమెరికా చేరి 'సర్వైవర్' అయింది. జాన్ డి మోల్ సంస్థ ఎండెమాల్ 1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' మొదలుపెట్టింది. సైమన్ ఫుల్లర్ రూపొందించిన 'పాప్ ఐడల్' 2001లో బ్రిటన్‌లో వచ్చి, మరుసటి ఏడాదే 'అమెరికన్ ఐడల్'గా, 2004లో 'ఇండియన్ ఐడల్'గా విస్తరించింది.

సీరియల్ కథ ఎంత సాగదీసినా ఎక్కడో ఒకచోట ముగియక తప్పదు. పోటీకి ఆ అవసరం లేదు. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, సెట్టు, లోగో పాతవే పనికొస్తాయి, స్పాన్సర్లు ముందే సిద్ధంగా ఉంటారు. అందువల్ల ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న చానల్ ముందుకు రాదు. వచ్చేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది.

ఆట తెలిసిపోవడం

'సర్వైవర్' అమెరికాలో 2000 మే 31న సీబీఎస్ చానల్లో మొదలైంది. దీవిలో దింపిన 16 మంది మూడు రోజులకోసారి తమలో ఒకరిని వోటుతో పంపేయాలి. చివరిదాకా నిలిచి గెలిచినవారికి పది లక్షల డాలర్లు. ఎవరిని ఏ ప్రాతిపదికన పంపాలో ఆ 16 మందికీ తెలియదు. షాన్ కెనిఫ్ అనే డాక్టరు ఎవరికీ అన్యాయం చేయకూడదనుకుని, పేర్లను ఇంగ్లిష్ అక్షరక్రమంలో తీసుకుని వరసగా వోటేస్తూ పోయాడు. మరోపక్క రిచర్డ్ హ్యాచ్ ఇంకో ముగ్గురిని కూడగట్టి, నలుగురూ ఒకే పేరు రాసేలా ఒప్పందం కుదుర్చుకున్నాడు. డాక్టరు వోటు ఈసారి ఎవరికి పడుతుందో వాళ్లకు ముందే తెలిసిపోయేది, దాన్నీ తమ లెక్కలో కలుపుకున్నారు. ఇలా కూడబలుక్కుని వోటెయ్యడం తెలివా, మోసమా అని అమెరికా అంతా వాదించుకుంది. ఆగస్టు 23న హ్యాచ్ గెలిచిన చివరి ఎపిసోడ్‌ను 5 కోట్ల 17 లక్షల మంది చూశారు.

అలాంటి వాదన మళ్లీ రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా మొదటి సీజన్ చూసి వచ్చినవాళ్లే. కూటమి కట్టాలా వద్దా అన్నది ఎవరికీ సందేహం కాదు, ఎవరితో కట్టాలన్నదే ప్రశ్న. డాక్టరు కెనిఫ్ అమాయకత్వాన్ని ఏ ఆడిషన్‌లోనూ వెతికి తేలేరు.

బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. 2000లో చానల్ ఫోర్ ప్రసారం చేసిన మొదటి 'బిగ్ బ్రదర్'లో నిక్ బేట్‌మన్ అనే హౌస్‌మేట్ చీటీల మీద పేర్లు రాసి చూపిస్తూ నామినేషన్లను ప్రభావితం చేయబోయాడని ఇంట్లోంచి పంపేశారు. పత్రికలు రోజుల తరబడి మొదటి పేజీల్లో అతన్ని దుయ్యబట్టాయి. ఆ సీజన్ గెలిచిన క్రెయిగ్ ఫిలిప్స్ తనకొచ్చిన 70 వేల పౌండ్లను ఒక స్నేహితురాలి ఆపరేషన్‌కు ఇచ్చేశాడు. ఆ ఇంట్లో జరిగినదానికి అంత బరువు ఉండేది. పదేళ్ల తర్వాత, 2010లో, చానల్ ఫోర్ ఆ షోను వదిలించుకుంది. చానల్ ఫైవ్ 2011లో తీసుకుని 2018 దాకా లాక్కొచ్చింది.

తెలుగులో ఈ మార్పు ఇంకా స్పష్టంగా కనిపించింది. 'బిగ్ బ్రదర్'కు తెలుగు రూపమైన 'బిగ్ బాస్' ఎపిసోడ్లను యూట్యూబ్‌లో రోజూ విశ్లేషించి పేరు తెచ్చుకున్న ఆదిరెడ్డి 2022లో ఆరో సీజన్‌కు పోటీదారుగా వెళ్లి ఫినాలే దాకా నిలిచాడు. బయటినుంచి ఆటకు మార్కులేసినవాడే లోపల ఆడుతున్నాడంటే, ఆట గురించి ఇక తెలియనిదంటూ ఏమీ మిగల్లేదన్నమాట. అతని తప్పేమీ లేదు, నిజాయితీగానే ఆడాడు. ఈ షోల్లో నామినేషన్ రోజున వినిపించే మాటలు గమనించండి. 'సేఫ్ గేమ్ ఆడుతున్నావు', 'ఫుటేజ్ కోసం చేస్తున్నావు', 'మాస్క్ తియ్యి'. ఒకప్పుడు సోఫాలో కూర్చుని ప్రేక్షకులు అనుకున్న మాటలివి. ఇప్పుడు హౌస్‌మేట్లే ఒకరినొకరు అంటున్నారు.

అమెరికన్ ఐడల్: ఒక షో పూర్తి జీవితం

ఈ క్షీణతను మొదటినుంచి చివరిదాకా చదవడానికి 'అమెరికన్ ఐడల్'ను మించిన ఉదాహరణ లేదు. 2002 జూన్ 11న ఫాక్స్ చానల్లో వేసవి కార్యక్రమంగా మొదలైంది. టెక్సస్ నుంచి వచ్చిన కెల్లీ క్లార్క్‌సన్ సెప్టెంబరులో గెలిచింది. మరుసటి ఏడాది రూబెన్ స్టడర్డ్, క్లే ఐకెన్ మధ్య జరిగిన ఫైనల్లో 2 కోట్ల 40 లక్షల వోట్లు పోలైతే, తేడా లక్షా 34 వేలు. ఆ ఫినాలేను చూసినవాళ్లు 3 కోట్ల 80 లక్షల మంది. 2006 నాటి ఐదో సీజన్‌ను ఎపిసోడ్‌కు సగటున 3 కోట్ల మందికి పైగా చూశారు. 2003-04 నుంచి వరుసగా ఎనిమిది టీవీ సంవత్సరాలు అమెరికాలో మొదటి స్థానం ఈ షోదే. అది వచ్చే రాత్రి ఎదుటి చానళ్లు తమ మంచి కార్యక్రమాలను పక్కకు జరుపుకునేవి.

ఆ బలానికి కారణం పాటలొక్కటే కాదు. ముగ్గురు జడ్జిల కూర్పులో గొప్ప అమరిక ఉండేది. సంగీతకారుడు ర్యాండీ జాక్సన్ స్నేహంగా మాట్లాడేవాడు. గాయని, నృత్య దర్శకురాలు పౌలా అబ్దుల్ ఎవరినీ నొప్పించేది కాదు. బ్రిటన్‌లో రికార్డు కంపెనీ నడిపిన సైమన్ కోవెల్ మాత్రం బాగోలేకపోతే బాగోలేదని మొహానే చెప్పేవాడు. కొన్నిసార్లు ఆ మాటల్లో క్రూరత్వం ఉండేది, దాన్ని సమర్థించలేం. కానీ అతని నోట మెప్పు వచ్చినప్పుడు దానికి విలువ ఉండేది. కాదనగలిగిన మనిషి ఔనన్నప్పుడే ఆ ఔనుకు అర్థం. ప్రేక్షకులు ఆ తీర్పును తిరగగొట్టగలగడం ఇంకో ఆనందం.

తర్వాత జరిగిన మార్పులన్నీ ఒక్కొక్కటిగా చూస్తే సబబుగానే ఉంటాయి. 2008లో పోటీదారులు వేదిక మీద సొంతంగా వాద్యం వాయించడానికి అనుమతించారు. ఆ ఏడాది గిటార్‌తో పాడిన డేవిడ్ కుక్ గెలిచాడు. ఆ తర్వాత క్రిస్ అలెన్, లీ డివైజ్, స్కాటీ మెక్‌క్రీరీ, ఫిలిప్ ఫిలిప్స్. ఐదేళ్లు వరసగా గిటార్ పట్టుకున్న తెల్లజాతి కుర్రాళ్లే విజేతలు. 2009లో నాలుగో జడ్జిగా కారా డియోగార్డీని తెచ్చారు, ప్రేక్షకులు పంపేసినవారిని జడ్జిలు ఒకసారి కాపాడే వీలు కల్పించారు. అదే ఏడాది పౌలా అబ్దుల్ వెళ్లిపోయింది. 2010లో కోవెల్ వెళ్లిపోయాడు.

అసలు మలుపు అక్కడుంది. కోవెల్ ఖాళీ చేసిన చోటును ఇంకో కఠినమైన, వృత్తి తెలిసిన తీర్పరితో నింపాలని చూడలేదు, పెద్ద తారలతో నింపారు. 2011లో జెన్నిఫర్ లోపెజ్, స్టీవెన్ టైలర్ వచ్చారు. 2013లో మరియా కేరీ, నికీ మినాజ్, కీత్ అర్బన్ వచ్చారు. కేరీ, మినాజ్ ఆడిషన్ల దగ్గరే గొడవపడిన వీడియో సీజన్ మొదలవకముందే బయటికొచ్చింది. ఇక ఆ ఏడాదంతా మాట్లాడుకున్నది జడ్జిల గురించి. పాడటానికి వచ్చిన పిల్లలు వాళ్లముందు అతిథుల్లా నిలబడ్డారు.

విషాదమేమిటంటే ఆ సీజన్లో ప్రతిభకు లోటు లేదు. చివరి ఐదుగురూ అమ్మాయిలే, అందరూ గట్టి గాయనులు. రెండుసార్లు తిరస్కారం తర్వాత మళ్లీ వచ్చి గెలిచిన క్యాండిస్ గ్లోవర్ గొంతు ఆ షో చరిత్రలోనే మేటి గొంతుల్లో ఒకటి. ఆమె గెలిచిన ఫినాలేను కోటిన్నర లోపే చూశారు. 2004లో జెన్నిఫర్ హడ్సన్ ఏడో స్థానంతో వెనుదిరిగినా దేశం ఆమెను గుర్తుపెట్టుకుంది, మూడేళ్లకు ఆస్కార్ అందుకుంది. 2013లో విజేతనే చాలామంది గుర్తుపెట్టుకోలేదు. వచ్చేవాళ్లలో సత్తా తగ్గలేదు, వాళ్లమీద పడే వెలుగు తగ్గింది.

పోటీ కూడా పెరిగిపోయింది. 2011 ఏప్రిల్‌లో ఎన్‌బీసీ చానల్ 'ద వాయిస్' మొదలుపెట్టింది. అందులో జడ్జిలు అటు తిరిగి కూర్చుని గొంతు మాత్రమే విని ఎంచుకుంటారు. అదే సెప్టెంబరులో కోవెల్ స్వయంగా 'ఎక్స్ ఫ్యాక్టర్' అమెరికా రూపం తెచ్చాడు, అది మూడు సీజన్లకే మూతపడింది. ఒకే దేశంలో ఏడాది పొడవునా ఎవరో ఒక కొత్త గాయకుడు గెలుస్తూనే ఉంటే విజేత అన్న మాటకు బరువెక్కడ ఉంటుంది? టీవీ మొత్తానికే ప్రేక్షకులు తగ్గుతున్న కాలం కూడా అది. పతనమంతా షో లోపాలకే అంటగట్టడం న్యాయం కాదు. 2015 ఫినాలేను 80 లక్షల మంది చూశారు. తర్వాతిదే ఆఖరి సీజన్ అని ఫాక్స్ ముందే ప్రకటించింది. 2016 ఏప్రిల్ 7న వీడ్కోలు ఎపిసోడ్‌కు మాత్రం కోటీ 30 లక్షల మంది తిరిగొచ్చారు.

రెండేళ్లకే, 2018 మార్చిలో, ఏబీసీ చానల్ దాన్ని మళ్లీ మొదలుపెట్టింది. 2005లో గెలిచిన క్యారీ అండర్‌వుడ్ 2025లో జడ్జిగా కూర్చుంది. షో నడుస్తోంది, పాత సంఖ్యలు మాత్రం తిరిగి రాలేదు.

వోటు ఎటు పోతుంది

ప్రేక్షకుల వోటు ఈ షోలకు ప్రజాస్వామ్యపు రంగు పూసింది. కాలం గడిచేకొద్దీ ఆ వోటు ప్రతిభను వదిలి వేరే దారులు పట్టింది. 2007లో 'ఇండియన్ ఐడల్' మూడో సీజన్ ఫైనల్ డార్జిలింగ్ కుర్రాడు ప్రశాంత్ తమాంగ్, షిల్లాంగ్ గాయకుడు అమిత్ పాల్ మధ్య జరిగింది. ఈశాన్య ప్రాంతం, గూర్ఖా సమాజం మొత్తం ఎస్సెమ్మెస్‌ల మీద పడింది. ఊళ్లకు ఊళ్లు చందాలు వేసుకుని వోటేశాయి. దేశం తమను చూడాలన్న ఆరాటం అది, దాన్ని చులకన చేయకూడదు. అయితే పాట కొలమానంగా ఉన్న పోటీ అక్కడితో మరో పోటీగా మారింది.

బ్రిటన్‌లో ప్రేక్షకులు తిరగబడ్డారు కూడా. 2005 నుంచి నాలుగేళ్లు 'ఎక్స్ ఫ్యాక్టర్' విజేత పాటే క్రిస్మస్ వారంలో అగ్రస్థానంలో ఉండేది. 2009లో ఈ ఆనవాయితీ మీద విసుగెత్తిన జనం పనిగట్టుకుని 'రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్' బృందం పాత పాటను కొని, విజేత జో మెకెల్డరీ పాటను రెండో స్థానానికి దించారు. మరుసటి ఏడాది షోకు వచ్చిన ప్రేక్షకాదరణ రికార్డు స్థాయిదే. ఆ తర్వాత మాత్రం దిగుదలే. 2018 తర్వాత ప్రధాన సీజన్ రాలేదు.

మెలికల మీద మెలికలు

ఆట తెలిసిపోయినప్పుడు నిర్మాతలకు తోచే మొదటి మందు మెలిక. వైల్డ్ కార్డ్ ఎంట్రీ, రహస్య గది, దొంగ ఎలిమినేషన్, దాచిన రక్షణ కవచాలు. కొద్ది మోతాదులో ఇవి పనిచేస్తాయి. మోతాదు మించితే ఏమవుతుందో 2017లో 'సర్వైవర్' 34వ సీజన్ చూపించింది. ఆరుగురు మిగిలిన రాత్రి ఒకరు ఆ రోజు పోటీ గెలిచి రక్షణ పొందారు. ఒకరు దాచుకున్న రెండు కవచాల్లో ఒకటి తనకు, ఒకటి మరొకరికి వాడారు. ఇంకొకరు తమ కవచం తీశారు. మరొకరు అంతకుముందు వెళ్లిపోయిన పోటీదారు నుంచి సంక్రమించిన ప్రత్యేక హక్కు ప్రయోగించారు. ఏ రక్షణా లేకుండా మిగిలింది సిరీ ఫీల్డ్స్ ఒక్కరే. ఆమెకు వ్యతిరేకంగా ఒక్క వోటు కూడా పడలేదు, అయినా ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. మనుషుల మధ్య నమ్మకం మీద నిలిచిన ఆటలో ఆ ముఖ్యమైన రాత్రి మనుషుల నిర్ణయానికి చోటే లేకపోయింది. ఎవరూ ఆమెను ఓడించలేదు, నిబంధనలు ఓడించాయి. షో అభిమానులు ఇప్పటికీ దీన్ని క్షమించలేదు.

మెచ్చుకోలు ధర పడిపోవడం

పాటల పోటీల్లో మెలికలతో పాటు ఇంకో జబ్బుంది. అందరినీ ఆకాశానికెత్తడం. 2021లో 'ఇండియన్ ఐడల్' 12వ సీజన్‌కు కిశోర్ కుమార్ స్మృతి ఎపిసోడ్‌లో అతిథిగా వచ్చిన ఆయన కుమారుడు అమిత్ కుమార్, అందరినీ మెచ్చుకోమని తనకు చెప్పారని తర్వాత బయటపెట్టాడు. ఆ మాట పెద్ద దుమారం రేపింది. నిజానికి చూసేవాళ్లు అప్పటికే ఆ సంగతి పసిగట్టారు. ప్రతి పాటకూ జడ్జిలు లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, పాటకు ముందు ఇంటి కష్టాల మీద కన్నీళ్ల వీడియో వేస్తుంటే, పాటను పాటగా వినే అవకాశమే పోతుంది. ఆ సీజన్లో విశాఖపట్నం అమ్మాయి షణ్ముఖప్రియ లాంటి సమర్థులున్నారు. అలాంటి గొంతులకు కావలసింది ఎక్కడ శ్రుతి జారిందో చెప్పే చెవి. విమర్శ కరవైన చోట మెప్పు కూడా చెల్లదు.

కోలుకున్న సందర్భాలు

పడిన షో లేవడం అసాధ్యం కాదు. 'మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా' 2009లో మొదలై, పదేళ్లకు నీరసించింది. 2019 సీజన్ ముగిశాక తొలినాటి ముగ్గురు జడ్జిలూ ఒకేసారి వెళ్లిపోయారు. 2020లో జాక్ జాన్‌ఫ్రిల్లో, మెలిస్సా లియాంగ్, పూర్వ విజేత ఆండీ అలెన్ వచ్చారు, పోటీకి పాత సీజన్లలోని వంటవాళ్లను తిరిగి పిలిచారు. కొత్త జడ్జిలు తమను తాము ప్రదర్శించుకోలేదు, పళ్లెంలో ఉన్నదాని గురించి మాట్లాడారు. షో నిలదొక్కుకుంది.

'సర్వైవర్' కూడా 2021లో 41వ సీజన్‌తో 39 రోజుల ఆటను 26 రోజులకు కుదించింది. పాతకాపుల్ని పక్కనపెట్టి కొత్తవాళ్లతో, ఆటను ప్రేమించి వచ్చినవాళ్లతో నడిపింది. ప్రేక్షకుల సంఖ్య 2000 నాటి దరిదాపుల్లో లేకపోయినా షో స్థిరంగా ఉంది.

తెలుగు తెర మీద

తెలుగులో అన్నిటికంటే ఎక్కువకాలం నిలిచిన పోటీ 'పాడుతా తీయగా'. ఈటీవీలో 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో మొదలైంది. గాయని ఉష, మల్లికార్జున్ వంటివారు ఆ వేదిక మీద నుంచి సినిమా పాటకు వెళ్లారు. అది ఇంతకాలం నిలవడానికి కారణం ఒక ఎపిసోడ్ చూస్తే తెలుస్తుంది. పిల్లవాడు పాట ముగించగానే బాలు ముందు ఆ పాట రాసిన కవి గురించి, స్వరకర్త గురించి, రికార్డింగ్ నాటి ముచ్చట చెప్పేవారు. తర్వాత పల్లవిలో ఒత్తు పలకని అక్షరాన్ని పట్టుకుని, తాను పాడి చూపించి, మళ్లీ పాడించేవారు. ఓడిపోయిన పిల్లవాడు కూడా ఏదో ఒకటి నేర్చుకుని వెళ్లేవాడు, చూసేవాళ్లం మనమూ నేర్చుకునేవాళ్లం. ఉత్కంఠ ఒక్కదాని మీద ఆధారపడలేదు కాబట్టి ఉత్కంఠ తగ్గినా షో కూలిపోలేదు. 2020 సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశాక, కుమారుడు ఎస్.పి. చరణ్ దాన్ని కొనసాగిస్తున్నారు.

'బిగ్ బాస్ తెలుగు' కథ వేరు. 2017 జులై 16న స్టార్ మాలో ఎన్టీఆర్‌తో మొదలైన తొలి సీజన్ 70 రోజులే. తర్వాతివి వంద రోజులు దాటాయి. 2018లో నాని, 2019 నుంచి నాగార్జున. సోమవారం నామినేషన్లు, మధ్యలో కెప్టెన్సీ టాస్కు, శనివారం నాగార్జున క్లాసు, ఆదివారం ఎలిమినేషన్ అనే వారచక్రం ప్రేక్షకులకు కంఠతా వచ్చేసింది. ఒక షో విజేతలు ఇంకో షో పోటీదారులవుతున్నారు కూడా. 2010 ఇండియన్ ఐడల్ విజేత శ్రీరామచంద్ర ఐదో సీజన్లో, 2017 విజేత రేవంత్ ఆరో సీజన్లో వచ్చారు. రేవంత్ గెలిచాడు కూడా. ముందే తెలిసిన ముఖాలతో ఇల్లు నింపితే కనిపెట్టడానికి ఎవరు మిగులుతారు?

దీనికి జవాబు ఆ షోలోనే ఉంది. 2023లో ఏడో సీజన్‌కు ఊపు తెచ్చింది ఏ తారా కాదు, రైతుబిడ్డనంటూ వచ్చి గెలిచిన పల్లవి ప్రశాంత్. 2025లో తొమ్మిదో సీజన్‌కు ముందు 'అగ్నిపరీక్ష' పేరుతో సామాన్యులకు విడిగా ఎంపిక పోటీ పెట్టడం చూస్తే, నిర్మాతలకూ ఈ సంగతి బోధపడిందనుకోవాలి. ఇది సరైన అడుగు, ఒక్క సీజన్ ప్రయోగంగా ఆగిపోకూడదు. వంద రోజుల నిడివిని మళ్లీ డెబ్బై చేయాలి. పాటల షోలలో మార్కుకు కారణం చెప్పే జడ్జి ఒక్కరైనా ఉండాలి. ఈ రెండూ జరిగేలా చూడటం చానళ్ల చేతుల్లోని పని, పెద్ద ఖర్చు కూడా కాదు.